కదలని గీత

నేను ఇన్‌స్ట్రుమెంట్ ఇంజనీర్‌ని. అబద్ధాలాడే మీటర్లను పట్టుకోవడం నా ఉద్యోగం. అలాంటివాణ్ణి, నిజం చెబుతున్న ఒక మాడ్యూల్‌కి దగ్గరుండి అబద్ధం నేర్పాను.

ఆ మాడ్యూల్ చదివేది నీళ్ళ ట్యాంకు లెవెల్ చూపే లూప్‌ని. 4 నుంచి 20 మిల్లీయాంపుల సిగ్నల్. ఖాళీ ట్యాంకుకి సున్నా కాకుండా 4 పెట్టడంలోనే ఉంది పెద్దల తెలివి: వైరు తెగితే కరెంటు సున్నాకి పడిపోతుంది, అది ఖాళీ ట్యాంకు కాదని ఇట్టే తెలిసిపోతుంది. ప్రాసెస్ ఆటోమేషన్ వాడేవాళ్ళ సంఘం నామూర్ ఇచ్చిన ఎన్‌ఈ 43 సిఫార్సు ఇంకాస్త ముందుకెళ్ళి, 3.6కి దిగినా 21కి ఎక్కినా దాన్ని కొలతగా తీసుకోవద్దు, లోపంగా చూడమంది. మా మాడ్యూల్ ఇదంతా బుద్ధిగా పాటించేది. వానాకాలంలో జంక్షన్ బాక్సులో వదులైన టెర్మినల్ ఊగినప్పుడల్లా 'వైర్ బ్రేక్' అని అలారం ఇచ్చేది. అదీ అర్ధరాత్రే. వెంటనే కంట్రోల్ రూమ్ నుంచి నాకు ఫోను.

చేయాల్సింది స్క్రూడ్రైవర్ పట్టుకెళ్ళి టెర్మినల్ బిగించడం. నేను ల్యాప్‌టాప్ పట్టుకున్నాను. ఆ ఛానల్‌కి డయాగ్నస్టిక్స్ ఆపేశాను. సిగ్నల్ చెడితే చివరి మంచి విలువనే చూపిస్తూ ఉండేలా సెట్టింగ్ మార్చాను.

అంతటితో ఊరుకుంటే బద్ధకం అనుకోవచ్చు. దానికి శాస్త్రం కూడా జోడించాను. 1994లో వేల్స్‌లోని మిల్‌ఫర్డ్ హేవెన్ రిఫైనరీ పేలుడుకి ముందు, చివరి పదకొండు నిమిషాల్లో 275 అలారాలు వచ్చిపడి ఆపరేటర్లకు దిక్కుతోచలేదు. రివ్యూ మీటింగులో ఆ కథ చెప్పి, అలారాలు తగ్గించడమే భద్రత అని స్లైడు వేశాను. అందరూ తలలూపారు. ఎలా తగ్గించావని ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే దానికి స్లైడు లేదు.

కొన్నాళ్ళకు ఆ ట్యాంకు ట్రెండు ఎంత ముచ్చటగా కనబడిందో! 62 శాతం దగ్గర దారం పట్టి గీసినట్టు గీత. నింపే వాల్వు ట్యూనింగ్ నాదే కాబట్టి, ఆ నిలకడంతా నా చలవేనని ట్రైనీ కుర్రాడికి చూపించి మురిశాను. పక్కనున్న పాత ఆపరేటర్ ఒకాయన కాసేపు చూసి, "సార్, నీళ్ళు పడుతున్న ట్యాంకు ఇంత కుదురుగా ఉండదండీ. కాస్తయినా వణకాలి" అన్నారు. నేను డ్యాంపింగ్ గురించి ఉపన్యాసమిచ్చాను. ఆయన ఓపిగ్గా విని, "అలాగేనండి" అన్నారు.

ఉపన్యాసం పూర్తయిందో లేదో, ట్యాంకు పొర్లుతోందని వాకీటాకీలో కేక. టెర్మినల్ ఈసారి పూర్తిగా ఊడిపోయింది. సెట్ పాయింటు 65. ఇంకా మూడు శాతం తక్కువుందనుకుని కంట్రోలర్ వాల్వుని తెరిచే ఉంచింది, దాని తప్పేముంది! నీళ్ళు కాబట్టి ప్యాంటు తడవడంతో పోయింది.

ఇంగ్లండ్‌లోని బన్స్‌ఫీల్డ్ ఇంధన డిపోలో అది పెట్రోలు. 2005 డిసెంబరు 11 తెల్లవారుజామున మూడు గంటల ప్రాంతంలో 912 నంబరు ట్యాంకు గేజి మూడింట రెండొంతుల దగ్గర ఆగిపోయింది. పెట్రోలు మాత్రం ఎక్కుతూనే ఉంది. పై మట్టంలో అడ్డుపడవలసిన విడి స్విచ్చు కూడా పనిచేయలేదు. ట్యాంకు పొర్లి, ఆరు దాటగానే పేలింది. 40 మందికి పైగా గాయపడ్డారు. ఇదీ నేను చదివిందే. స్లైడుకి పనికిరాదని వదిలేశాను. పైగా అక్కడ గేజి తనంతట తాను ఇరుక్కుంది. ఇక్కడ ఇరికించింది నేను.

మర్నాడు టెర్మినల్ బిగించి, అప్పటిదాకా నేను నోరు నొక్కిన ఛానళ్ళన్నిటికీ డయాగ్నస్టిక్స్ మళ్ళీ ఆన్ చేశాను. అవును, అదొక్కటే కాదు. స్క్రీను మీద ఎర్ర గుర్తులు వరసగా లేచాయి. షిఫ్ట్ ఇంచార్జి కంగారుగా వచ్చి, "ఇవన్నీ ఒక్కసారే పాడయ్యాయేంటండీ?" అన్నాడు.

"వర్షాలు కదండీ, చెమ్మ" అన్నాను.