తొడుగు విప్పి చూడలేదు

2018 సంక్రాంతి వెళ్లాక మా అబ్బాయికి కంప్యూటర్ కొన్నాం. అప్పట్లో వాడు యానిమేషన్ నేర్చుకుంటున్నాడు. నిమిషం పాటు బొమ్మ కదలాలంటే 1,440 ఫ్రేములు కావాలి. ఫ్రేముకి నిమిషన్నర అనుకున్నా 36 గంటలు మిషన్ ఆగకుండా నడవాలి. ప్రాసెసర్ వేగం 4.1 గిగాహెర్ట్జ్ నుంచి 4.8కి పెంచితే అందులో ఐదు గంటలు కలిసొస్తాయని నేనే లెక్క కట్టాను. ఓవర్‌క్లాకింగ్ అనే మాట ఇంట్లోకి తెచ్చింది నేను. వాడు అడగలేదు.

నాకా నమ్మకం పాతది. 1999లో గాజువాకలో అద్దె గదిలో ఉండేవాళ్లం, నేనూ ఇంకో ఇద్దరూ. సెలెరాన్ 300ఏ అని ఒక ప్రాసెసర్ ఉండేది. మదర్‌బోర్డు బస్ వేగం 66 నుంచి 100 మెగాహెర్ట్జ్‌కి మార్చితే 300 మెగాహెర్ట్జ్‌ది 450లో నడిచేది. అంతే పని. రాత్రి మార్చాం, తెల్లారేసరికి ఇంకా నడుస్తూనే ఉంది. ఆ ఒక్క రాత్రి నాకు పొరపాటు పాఠం నేర్పింది: ప్రాసెసర్ మంచిదైతే చాలు, బోర్డు ఏదైనా ఒకటేనని. ఆ సెలెరాన్ తాగేది ఇరవై వాట్లకి అటూ ఇటూ అన్నది నేను పట్టించుకోలేదు. ఇరవై వాట్లకి ఏ బోర్డైనా సరిపోతుంది.

మా అబ్బాయికి కొన్న ప్రాసెసర్ ఐ5-8600కె. ఆరు కోర్లు. వేగం పెంచకుండానే 95 వాట్లు. ద్వారకానగర్‌లో ఒక షాపుకి వెళ్లాం. ముందు నేను జెడ్ 270 బోర్డు అడిగాను, తక్కువకి వస్తుంది కదా అని. "సాకెట్ 1151 అనే ఉంటాది గానీ సార్, ఎనిమిదో జనరేషన్ దాని మీద పని చెయ్యదు. జెడ్ 370 ఉండాలి" అన్నాడు కౌంటర్ దగ్గర కుర్రాడు. ఆ నష్టం అతనే తప్పించాడు. తర్వాత రెండు జెడ్ 370 బోర్డులు బల్ల మీద పెట్టాడు. ఒకటి మామూలుగా ఉంది, ప్రాసెసర్ పక్కన దిట్టమైన అల్యూమినియం హీట్‌సింకులతో. రెండోదానికి పైనంతా తెల్లటి ప్లాస్టిక్ తొడుగు, అంచుల్లో రంగు లైట్లు, అట్ట మీద పెద్ద అక్షరాల్లో పది ఫేజులని. "ఓవర్‌క్లాక్ చేస్తానంటున్నారు కదా, హీట్‌సింక్ ఉన్నది తీసుకోండి సార్" అన్నాడు. తేడా 1,500 రూపాయలు. డబ్బు కోసం వెనక్కి తగ్గానని చెప్పుకుంటే అబద్ధం అవుతుంది. నాకు తెల్లది నచ్చింది. "నాకు తెలుసులే బాబూ" అన్నాను.

నాకు తెలుసు, నిజమే. అందుకే ఈ తప్పు నన్ను ఇంకా వదలడం లేదు. నేను స్టీల్ ప్లాంటులో ఎలక్ట్రికల్ మనిషిని. వైర్ రాడ్ మిల్లులో డ్యూటీ ఎక్కగానే మొదటి పని టెంపరేచర్ గన్ పట్టుకుని ప్యానెళ్ల వెంట తిరగడం. బస్‌బార్ జాయింట్ ఒకటి పక్కవాటికంటే వేడిగా ఉందంటే అక్కడ బోల్టు వదులైందని అర్థం. మెరిసే రాగి మీద గన్ పెడితే ఉన్న వేడికంటే తక్కువ చూపిస్తుంది, కాబట్టి షట్‌డౌన్‌లోనే అక్కడ నల్ల టేపు ముక్క అంటించి ఉంచాలని కొత్తగా చేరిన పిల్లలకి చెప్పేది నేనే.

మదర్‌బోర్డు మీద ప్రాసెసర్ చుట్టూ ఉండేది ఒక చిన్న సబ్‌స్టేషన్. పవర్ సప్లై నుంచి వచ్చే 12 వోల్టులని అది 1.2కి దించి ప్రాసెసర్‌కి ఇస్తుంది. 1.2 వోల్టుల దగ్గర 95 వాట్లంటే దాదాపు 80 ఆంపియర్లు. ఇంట్లో గీజర్ లాగేది పది లోపు. ఆ కరెంటంతా మాస్‌ఫెట్లనే గోరంత స్విచ్చుల గుండా పోతుంది. నేను వోల్టేజీ 1.35కి పెంచి 4.8 గిగాహెర్ట్జ్ పెట్టాను. వాడకం వోల్టేజీ వర్గంతోనూ వేగంతోనూ పెరుగుతుంది కాబట్టి మొత్తం ఒకటిన్నర రెట్లయింది. కరెంటు మూడో వంతు పెరిగితే అది పోయే దారిలో పుట్టే వేడి ముప్పావు వంతు పెరుగుతుంది. మిల్లులో కేబుల్ సైజు చూసేటప్పుడు ఈ లెక్క కాగితం లేకుండా చేస్తాను. ఇంట్లో చెయ్యలేదు. అట్ట మీది పది ఫేజుల్నే, అంటే కరెంటు పంచుకునే పది దారుల్నే, నమ్మాను. బోర్డు మీద చోక్‌లు, ఆ చిన్న దిమ్మెలు, పది లెక్కపెట్టి సంతోషించాను. తర్వాత చదివితే తెలిసింది, కంట్రోలర్ నడిపేది ఐదింటినే, ఒక్కోదాన్నీ రెండు చేసి పదిగా చూపించారని.

జనవరి, ఫిబ్రవరి బాగానే నడిచింది. మే వచ్చింది. ప్లాంటు కాలనీ ఉక్కునగరంలో మాది పై అంతస్తు క్వార్టరు. మధ్యాహ్నం గదిలో 36 డిగ్రీలు, పైగా సముద్రం తేమ. నేను చూసిన రివ్యూలన్నీ ఇరవై, ఇరవైరెండు డిగ్రీల గదుల్లో చేసినవి. గది వేడి ఎంత పెరిగితే బోర్డు వేడీ అంత పెరుగుతుంది, అది ఎక్కడికీ పోదు. రెండరింగ్ మొదలుపెట్టిన పావుగంటకి వేగం ఉన్నట్టుండి 800 మెగాహెర్ట్జ్‌కి పడిపోయేది. కాసేపటికి లేచేది. మళ్లీ పడేది. ప్రాసెసర్ వేడి చూస్తే 75 దాటలేదు. అంటే వేడి సమస్య కాదని తేల్చేశాను.

విండోస్ మళ్లీ ఎక్కించాను. యూపీఎస్ మార్చాను. చివరికి, ఎందుకైనా మంచిదని, ప్రాసెసర్ మీదున్న ఫ్యాన్ కూలర్ తీసేసి నీళ్ల కూలర్ పెట్టించాను. ప్రాసెసర్ 64కి దిగింది. వేగం మాత్రం ఇంకా తొందరగా పడిపోవడం మొదలెట్టింది. పాత ఫ్యాన్ ప్రాసెసర్‌తో పాటు పక్కనున్న మాస్‌ఫెట్లకి కూడా కాస్త గాలి కొట్టేది. నీళ్ల కూలర్ ఫ్యాన్లు క్యాబినెట్ ముందుకి పోయాయి. అక్కడ ఉన్న కాస్త గాలీ నా చేత్తోనే తీసేశాను.

మే 21న వాడు ప్రాజెక్టు ఇవ్వాలి. 19 సాయంత్రానికి సగం ఫ్రేములు కూడా అవ్వలేదు. నేను డ్యూటీ చేసొచ్చి ఉన్నాను. "పగలంతా గేమ్స్ ఆడుతుంటే ఇంతే అవుద్ది" అన్నాను. "లేదు నాన్నా, ఏటో మధ్యలో..." అని ఏదో చెప్పబోయాడు. వినలేదు. వాళ్లమ్మ ముందు, పక్క క్వార్టరు వాళ్లకి వినపడేలా ఇంకా అన్నాను. ఆ మాటలు ఇక్కడ రాయలేను. గడువు దాటింది. వాడు ఆ సారి అందరితో కలిసి ప్రాజెక్టు చూపించలేకపోయాడు.

జూన్ మొదటి వారంలో రాత్రి సి-షిఫ్టు నుంచి పొద్దున్నే వచ్చాను. బ్యాగులో నా సొంత గన్ ఉంది. వాడు నిద్రపోతున్నాడు. ఎందుకు తోచిందో, మిషన్‌కి లోడు పెట్టి, క్యాబినెట్ పక్క రేకు తీసి బోర్డు మీదకి గన్ పట్టాను. తెల్ల తొడుగు మీద 58. అది ప్లాస్టిక్ వేడి. ఆపేసి, నాలుగు మరలు విప్పి తొడుగు ఎత్తాను. పక్క వరసకి వేలెడంత అల్యూమినియం ముక్క ఉంది. పై వరస మాస్‌ఫెట్లకి ఏమీ లేదు, బోసిగా ఉన్నాయి. వాటి చుట్టూ పచ్చని బోర్డు కాస్త గోధుమ రంగు తిరిగింది. తొడుగు లేకుండానే మళ్లీ లోడు పెట్టాను. పది నిమిషాలకి 104. ప్యానెల్‌లో ఈ అంకె కనపడితే ఫోను తీసి షిఫ్టు ఇన్‌చార్జికి చెప్పి ఫీడరు ఆపించేవాణ్ణి.

వాడికి చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది. ఈ రెండు రోజులు కూడా నా తప్పులో భాగమే. ఆదివారం అన్నం తిన్నాక గదిలోకి వెళ్లి, "నీ తప్పు కాదురా, బోర్డు నేను తప్పు కొన్నాను" అన్నాను. వాడేమీ అనలేదు. సొరుగు లాగి ఒక లాంగ్ నోట్‌బుక్ నా ముందు పెట్టాడు.

గీతలు గీసి నాలుగు గడులు చేశాడు. తేదీ, టైము, వేగం, ఫ్యాన్. మే 11 నుంచి ప్రతి పతనమూ రాసుంది. 2.10కి 800, ఫ్యాన్ లేదు. 2.40కి 800, ఫ్యాన్ లేదు. 4.05, టేబుల్ ఫ్యాన్ దగ్గరికి జరిపాను, పడలేదు. మా షిఫ్టు లాగ్‌బుక్కులో కూడా ఇంత శుభ్రంగా ఎవరూ రాయరు. జవాబు అందులోనే ఉంది, ఫ్యాన్ గడిలో. పేజీ తిప్పాను. చివరి ఎంట్రీ మే 19, సాయంత్రం 5.20. నేను ఇంటికొచ్చింది ఐదున్నరకి. ఆ కింద గడులు గీసే ఉన్నాయి, వాటిలో ఏమీ రాయలేదు.