కంట్లో చుక్క పడని అవగాహన

షుగరున్న మనిషిని కంటి పరీక్షకి రమ్మని చూడండి. "నా చూపుకేం, నిక్షేపంలా ఉంది" అంటాడు. అని ఊరుకోడు, రుజువు కూడా చూపిస్తాడు. కూర్చున్న కుర్చీలోంచి లేవకుండా ఎదురుగోడ మీది క్యాలెండర్లో ఏకాదశి ఎప్పుడో చదువుతాడు. సందు మొదట్లో మలుపు తిరుగుతున్న బస్సు నంబరు చెబుతాడు. ఆవిడైతే సూదిలో దారం ఎక్కించి మీ చేతిలోనే పెడుతుంది. ఇక మీరు నోరు మూసుకోవాలి.

ఈయన ఏమీ తెలియనివాడనుకుంటే పొరపాటే. ఫాస్టింగెంత, తిన్నాకెంత, మూడు నెలల సగటెంత, అన్నీ కంఠతా. కొర్రలకీ అరికెలకీ తేడా మీద అరగంట మాట్లాడగలడు. అసలైన నేరేడు గింజల పొడి ఎక్కడ దొరుకుతుందో తెలుసు. పెళ్లి భోజనంలో బొబ్బట్టు దగ్గరికొచ్చినప్పుడు "సగం చాలు" అని, ఆ సగాన్ని మూడుసార్లు వేయించుకోవడమూ తెలుసు. తెలియనిదల్లా కనుపాప వెనక తన రెటీనా సంగతి. అది ఎవరికీ చూపించలేదు. చూపు బాగానే ఉంది కదా మరి!

చిక్కంతా ఆ మాటలోనే ఉంది. రెటీనాకి నొప్పి తెలీదు. జబ్బు మొదలై, ముదిరి, ఇంకాస్త ముదిరేదాకా కూడా చాలామందికి ఆ క్యాలెండరు చక్కగానే కనిపిస్తుంది. లోపల నడిచేది మాత్రం మన మునిసిపాలిటీ నీళ్ల వ్యవహారం. ముందు సన్న గొట్టాలు బలహీనపడి అక్కడక్కడా ఉబ్బుతాయి, కారతాయి. తర్వాత కొన్ని పూడిపోతాయి. సరఫరా అందని వార్డు ఊరుకుంటుందా? సొంతంగా అక్రమ కనెక్షన్లు లాగేసుకుంటుంది. అవి నాసిరకం సరుకు. ఏదో ఒక తెల్లవారుజామున పుటుక్కున తెగి కన్నంతా నెత్తురు నిండుతుంది. అప్పుడుగానీ ఇంటాయనకి వార్డులో సమస్య ఉందని తెలీదు.

అలాగని కళ్ల గురించి ఏమీ చేయడంలేదనకండి. వారానికి రెండుసార్లు పొన్నగంటి కూర తింటున్నాడు. మంచిదే, పప్పులో వేస్తే రుచి కూడానూ. కారుతున్న రక్తనాళానికి మాత్రం అది మాట్లు వేయదు. కాస్త మసకేస్తే కళ్లద్దాల షాపుకి వెళతాడు. షుగరు ఎగుడుదిగుడుగా ఉన్నప్పుడు కంటిలోని లెన్సు మారి, దాంతో పాటు అద్దాల నంబరూ మారుతుంది. అందుకని ఈ నెల ఒక జోడు, పై నెల ఇంకో జోడు. 'ఉచిత కంటి పరీక్ష' అన్న బోర్డు కింద జరిగేది సాధారణంగా అద్దం పవరు పరీక్ష. చార్టు మీద అక్షరాలు గడగడా చదివేసి, ఇంటికొచ్చి "కళ్లు చూపించుకున్నా" అని ప్రకటిస్తాడు.

అసలు పరీక్షంటారా, కంట్లో చుక్కలు వేస్తారు. అరగంట కళ్లు మూసుకుని బెంచీ మీద కూర్చోవాలి. కనుపాప విప్పారాక డాక్టరు లైటు వేసి లోపలికి చూస్తారు. ఆ తర్వాత కొన్ని గంటలు ఎండ కళ్లలో గుచ్చుకుంటుంది, పేపర్లో అక్షరాలు అలికేసినట్టుంటాయి, బండి నడపకూడదు. కష్టమల్లా ఇంతే. కానీ బండి నడపకూడదంటే వెంట ఒక మనిషి కావాలి. కొడుక్కి సెలవుండదు, కోడలికి పిల్లల స్కూలు, మొగుడికి "పై వారం చూద్దాం". సూదిలో దారం ఎక్కించిన ఆవిడ పరీక్ష అలా ఏళ్ల తరబడి పై వారంలోనే ఉంటుంది.

ఇంతసేపూ రోగిని ఆడిపోసుకున్నాను. అది తేలిక పని. అక్షింతలు పడాల్సినవాళ్లు వేరే ఉన్నారు.

నవంబరు 14 ప్రపంచ మధుమేహ దినం. ఇన్సులిన్ కనుక్కున్నవారిలో ఒకరైన ఫ్రెడరిక్ బాంటింగ్ పుట్టినరోజు. మనకి అదే రోజు బాలల దినోత్సవం కూడా కాబట్టి ర్యాలీకి పిల్లల కొరత ఉండదు. పొద్దున్నే యూనిఫాంలో వరసగా నిలబెడతారు. షుగరున్న తాతలు ఇంట్లో కాఫీ తాగుతుంటే, "మీ కళ్లు కాపాడుకోండి" అని ఎనిమిదేళ్లవాళ్లు నడిరోడ్డు మీద అరుస్తుంటారు. నీలం టోపీలు, నీలం బెలూన్లు, రాత్రయితే భవనాలకి నీలం లైట్లు. ఫ్లెక్సీలో నాయకుల మొహాలు పోగా మిగిలిన మూల ఒక కన్ను బొమ్మ. ముఖ్య అతిథి ఉపన్యాసం 'సర్వేంద్రియాణాం'తో మొదలవుతుంది. తర్వాత క్రీము బిస్కెట్లు, పంచదార దట్టించిన టీ. పదకొండింటికల్లా అవగాహన పూర్తి. ఒక్కరి కంట్లో చుక్క పడదు.

నాదొక మనవి. ఈసారి వేదిక ఎక్కకముందే అతిథులందరికీ చుక్కలు వేయించండి. వాళ్లలోనూ షుగరున్నవాళ్లకి కొదవుండదు, నలుగురి రెటీనాలు చూసినట్టూ ఉంటుంది, రాసుకొచ్చిన ఉపన్యాసం చదవలేకపోయినట్టూ ఉంటుంది.

ఇంగ్లండువాళ్లు 2003లో ఈ పనికి దిగినప్పుడు బెలూన్లు కొనలేదు, జాబితా రాశారు. పన్నెండేళ్లు దాటిన షుగరు రోగులందరి పేర్లూ అందులో ఎక్కించి, ఏటేటా పేరుపేరునా ఉత్తరం పంపారు. ఫలానా రోజు ఫలానా చోటికి రండి, కంటి ఫొటో తీస్తాం అని. అక్కడ పనిచేసే వయసువాళ్ల చూపు పోవడానికి యాభై ఏళ్లుగా మొదటి కారణం షుగరు కంటి జబ్బే. 2009-10 లెక్కలొచ్చేసరికి అది ఇంగ్లండు, వేల్సుల్లో మొదటి స్థానం నుంచి దిగిపోయింది. షుగరు అదుపు మెరుగవడమూ తోడైంది గానీ, ఆ ఉత్తరాల పుణ్యం తక్కువదేం కాదు.

ఐసీఎంఆర్ అధ్యయనం 2023లో తేల్చిన లెక్క ప్రకారం మన దేశంలో షుగరున్నవాళ్లు 10.1 కోట్లు. ఇంతమందికి కబురు పెట్టడం అయ్యే పనేనా అంటారు. ఎన్నికలొస్తే అభ్యర్థి గొంతు ప్రతి ఫోన్లోనూ పలుకుతుంది. నగల షాపు మన పెళ్లిరోజు మనకంటే ముందు గుర్తుపెట్టుకుంటుంది. లోను ఇస్తామనేవాళ్లకి మన పేరు, ఊరు, మధ్యాహ్నం కునుకు తీసే వేళ కూడా తెలుసు. కంటి పరీక్ష అనేసరికి దేశంలో టెక్నాలజీ నిండుకుంటుంది. ఊరూరా శిబిరం పెట్టి జనాన్ని కుర్చీలో కూర్చోబెట్టగలమని 2018లో తెలంగాణలో, 2019లో ఆంధ్రలో 'కంటి వెలుగు' చూపించింది కూడా. కాకపోతే అద్దాలు చేతికిస్తే ఫొటో బాగా వస్తుంది. చుక్కలు వేసిన మనిషి కళ్లు చిట్లించి నిలబడతాడు, ఫొటోకి పనికిరాడు.

ఆసుపత్రుల తీరు ఇంకో ముచ్చట. షుగరు ఓపీ ఒక బ్లాకులో, కళ్ల ఓపీ ఇంకో బ్లాకులో. చీటీ వేరు, వరస వేరు, ఒక్కోచోట వారం కూడా వేరు. పెద్ద వయసులో వచ్చే షుగరైతే జబ్బు బయటపడ్డ రోజుల్లోనే రెటీనా చూడాలి, ఆపైన ఏటా చూడాలి. మందుల చీటీలో అయిదు మాత్రల కింద ఆ ఒక్క ముక్క రాయడానికి చోటు చాలదు. షుగరు డాక్టరు గది పక్కనే ఓ కెమెరా పెడితే రక్తమిచ్చి ఎదురుచూసే వేళలోనే ఫొటో అయిపోతుంది కదా అంటే, కెమెరా ఖరీదంటారు. ఫ్లెక్సీల ఖర్చు ఎప్పుడైనా కూడి చూశారో లేదో!

చివరికి కన్ను నెత్తురుతో నిండాక ఆయన్ని తీసుకొస్తారు. సకాలంలో లేజరు చేస్తే చూపు బాగా దెబ్బతినే ముప్పు సగానికి పైగా తగ్గుతుందని అమెరికాలో 1970ల్లోనే తేలింది. సకాలంలో అన్నది ముఖ్యం. లేజరైనా, కంట్లో వేసే ఇంజెక్షనైనా ప్రధానంగా మిగిలిన చూపుని నిలబెట్టేవి, పోయినదంతా తెచ్చిచ్చేవి కావు. డాక్టరు చేయగలిగిందేదో చేస్తారు. ఆయన ఇంటికెళ్లి అరుగు మీద కూర్చుని, "నిక్షేపంలాంటి చూపు, లేజరు చేయించుకున్నాక పోయింది" అంటాడు. సాయంత్రానికి ఆ మాట పక్క వీధి దాటుతుంది, పెళ్లిళ్లలో వియ్యంకుల దాకా పోతుంది. షుగరున్న పదిమంది కంటాసుపత్రి గడప తొక్కకూడదని ఒట్టేసుకుంటారు. పైసా ఖర్చులేకుండా, ముఖ్య అతిథి లేకుండా, ఇల్లిల్లూ చేరిన అవగాహన అదొక్కటే.