మన షెరీఫు మనకున్నాడు

అమెరికాలో చాలా రాష్ట్రాల్లో కౌంటీ పోలీసు పెద్దను జనమే ఓటేసి ఎన్నుకుంటారు. ఆయన్ని షెరీఫ్ అంటారు. ఎన్నికలొస్తే ఇన్నేళ్లు గస్తీ తిరిగాను, ఇంతమంది సిబ్బందిని నడిపాను, జైలు ఇలా నిర్వహిస్తాను అని ఇంటింటికీ కరపత్రం పంపుకుంటాడు. డాలస్‌లో స్థిరపడ్డ నరసరావుపేట కుర్రాళ్లు సంక్రాంతికి ఊరొచ్చినప్పుడు ఈ ముచ్చటంతా చెప్పి, "మన దగ్గర ఇట్లాంటివి ఎప్పుడొస్తాయి బాబాయ్?" అని నిట్టూరుస్తుంటారు. పాపం, వాళ్లు ఊరొదిలి చాన్నాళ్లయింది. పల్నాటి ఓటరు షెరీఫును ఎన్నుకోవడం ఎప్పుడో మొదలుపెట్టాడు. కాకపోతే మనం ఆ పదవిని ఎమ్మెల్యే అని పిలుస్తాం.

నమ్మకపోతే కొత్తగా వచ్చిన ఎస్సై స్టేషన్‌లో చార్జి తీసుకున్నాక పూలగుత్తి పట్టుకుని ముందు ఎవరి ఇంటికి వెళతాడో చూడండి. సీఐ పోస్టింగు వెనక ఎవరి సిఫారసు లేఖ ఉందో టీకొట్టు దగ్గర ఎవరినడిగినా చెబుతారు. పొలం గట్టు తగాదా, కౌలు బాకీ, మొగుడూ పెళ్లాల పంచాయితీ, ఏదైనా సరే ఫిర్యాదు రాసేది స్టేషన్‌లోనే. కేసు కట్టాలా, రాజీ చెయ్యాలా అన్నది మాత్రం వేరే వరండాలో తేలుతుంది. అక్కడ ప్లాస్టిక్ కుర్చీలుంటాయి, మంచినీళ్లు కూడా ఇస్తారు. స్టేషన్‌లో అవి దొరకవు గనక జనం అక్కడికే పోతారు.

సరే, షెరీఫుకు అనుభవం ఉండాలి కదా. దానికీ లోటు లేదు. నేరచరిత ఉన్నవాణ్ని అభ్యర్థిగా పెడితే ఎందుకు పెట్టారో పార్టీ బయటపెట్టాలని 2020 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. ఎంపిక చేసిన 48 గంటల్లోగా చెప్పాలి. గెలుస్తాడు కాబట్టి పెట్టాం అంటే కుదరదు, అర్హతో ప్రతిభో చూపించాలి అంది. అప్పటి నుంచి పార్టీలకు సీ-7 అనే ఫారం నింపే పని పడింది. అందులో పార్టీలు రాసే కారణాలు చదివితే అవి ఏ సన్మానపత్రంలోనైనా ఇమిడిపోతాయనిపిస్తుంది. ప్రజల మనిషి, నిరంతరం అందుబాటులో ఉంటారు, కేసులన్నీ రాజకీయ కక్షతో పెట్టినవే. నిరంతరం అందుబాటులో ఉంటారన్న మాట మాత్రం అక్షరాలా నిజం. కోర్టు వాయిదా రోజున తప్ప.

మన ఓటరు కూడా తక్కువవాడేం కాదు. అభ్యర్థి అఫిడవిట్‌లో కేసుల గడి ఖాళీగా కనిపిస్తే మొహం చిట్లిస్తాడు. ఒక్క కేసు లేదంటే జనంలో తిరగలేదన్న మాటేగా, రేపు మనకోసం స్టేషన్‌కి వచ్చి నిలబడగలడా అని అనుమానం. ఫ్లెక్సీ మీద పల్నాటి పులి అని వేయించుకోలేనివాడు ఏం నాయకుడు? నల్లమలలో పులుల్ని కాపాడ్డానికి అటవీ శాఖ ఉంది. ఫ్లెక్సీ పులుల నుంచి ఊళ్లను కాపాడే శాఖ ఏదో ఇంకా నోటిఫై కాలేదు.

ఇక ప్రజా భద్రత విషయంలో మన షెరీఫు విధానం ఒక్క వాక్యంలో ఉంటుంది. "నేనుండగా మీమీద ఈగ వాలదు." ఎంత ధైర్యం! ఆ ఈగ ఎక్కణ్ణుంచి వస్తుంది సారూ అని మాత్రం ఎవరూ అడగరు. అవతలి పార్టీ నుంచే వస్తుందని ఇరుపక్షాల శ్రోతలూ ముందే అనుకుంటారు. ఎవరి సభలో వాళ్లు చప్పట్లు కొడతారు. ఇవతలి ఈగల సంగతి మాట్లాడటం మర్యాద కాదు.

ఈ విధానంలో మకుటాయమానమైనది ఏకగ్రీవం. 2021 మున్సిపల్ ఎన్నికల్లో మాచర్లలోనూ పిడుగురాళ్లలోనూ అన్ని వార్డులూ ఏకగ్రీవమే. పోటీ లేదు గనక పోలింగు లేదు, పోలింగు లేదు గనక గొడవ లేదు. శాంతిభద్రతల చరిత్రలో ఇంత చవకైన పరిష్కారం ఏ దేశమూ కనిపెట్టలేదు. అంతకు ముందు ఏడాది మార్చిలో, నామినేషన్ల వేళ, మాచర్లకు వచ్చిన తెలుగుదేశం నేతలు బొండా ఉమా, బుద్దా వెంకన్నల కారు మీద దుంగతో దాడి జరగడం రాష్ట్రమంతా టీవీల్లో చూసింది. ఆ కేసులో నిందితుడు ఏడాది తిరిగేసరికి అదే మాచర్లకు మున్సిపల్ చైర్మన్ అయ్యాడు. అమెరికా షెరీఫులు ఇరవయ్యేళ్లు గస్తీ తిరిగి సంపాదించే పేరు ఇక్కడ ఒక్క దుంగతో వస్తుంది.

రెండో పద్ధతి గేటుకు తాళ్లు కట్టడం. 2019 సెప్టెంబరులో తెలుగుదేశం చలో ఆత్మకూరు అంటే, దుర్గి మండలంలోని ఆ ఊరిని కాపాడ్డానికి పోలీసులు ఉండవల్లిలో చంద్రబాబు ఇంటి గేటుకు తాళ్లు కట్టారు. పల్నాటి పల్లె భద్రత కృష్ణ ఒడ్డున గేటు దగ్గర తేలిందన్నమాట. ప్రభుత్వం మారాక తాళ్లు కూడా చేతులు మారాయి. 2025 జూన్‌లో జగన్ సత్తెనపల్లి దగ్గర రెంటపాళ్లకు వస్తానంటే బారికేడ్లు, ఆంక్షలు, కార్ల లెక్కింపు. మధ్యలో, 2024 జులైలో, వినుకొండ నడిరోడ్డు మీద జనం చూస్తుండగా ఒక మనిషిని నరికి చంపారు. ఆ రోజు ఆ రోడ్డు మీద బారికేడ్ లేదు. నాయకుడు రావడంలేదు కదా.

2024 మే 13 పోలింగు గురించి మళ్లీ చెప్పాలా? చెప్పాలి, ఎందుకంటే మన షెరీఫు వ్యవస్థ తన అనుభవమంతా ఆ ఒక్క రోజున ప్రదర్శించింది. రెంటచింతల మండలం పాల్వాయిగేటు బూత్‌లో ఈవీఎంను నేలకేసి కొట్టిన దృశ్యం వెబ్ కెమెరాకు చిక్కింది. మొదటి ఫిర్యాదులో ఆ పని చేసింది గుర్తుతెలియని వ్యక్తులు. వీడియో జనంలోకి వచ్చింది 21న. చూస్తే అందులో ఉన్నది అప్పటి మాచర్ల ఎమ్మెల్యే పిన్నెల్లి రామకృష్ణారెడ్డి అని ఎన్నికల సంఘమే చెప్పింది. నాలుగుసార్లు గెలిచిన ఎమ్మెల్యేను సొంత నియోజకవర్గంలో గుర్తుపట్టలేకపోవడం ఏ రకం దృష్టి లోపమో కంటి డాక్టర్లు తేల్చాలి. ఆయన మీద కేసు నడుస్తోంది, తీర్పు కోర్టు చెబుతుంది. నా ఆసక్తి ఆ కేసు మీద కన్నా ఆ "గుర్తుతెలియని" మీద. ఆ బూత్‌లో భయపడకుండా డ్యూటీ చేసింది కెమెరా ఒక్కటే. దానికి బదిలీ భయం లేదు, పిల్లల చదువులు లేవు.

తర్వాత ఏమైంది? పల్నాడు జిల్లా ఎస్పీ బిందు మాధవ్‌ను ఎన్నికల సంఘం సస్పెండ్ చేసింది. ఆయన వచ్చి నెలన్నర కూడా కాలేదు. అంతకు ముందున్న ఎస్పీని ఏప్రిల్ మొదట్లో అదే సంఘం తప్పించింది. తర్వాత వచ్చిన మలికా గార్గ్ లాఠీ పట్టుకుని వీధుల్లో తిరిగి, జైలు నిండిపోయిందని చెప్పి, జులైలో బదిలీ అయ్యారు. ఏప్రిల్‌కూ జులైకీ మధ్య జిల్లా నలుగురు ఎస్పీలను చూసింది. ఎస్పీ, స్టేషన్ హౌస్ ఆఫీసరు కనీసం రెండేళ్లు ఒకచోట ఉండాలని ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది 2006లో. ఆ తీర్పు వల్ల మన జిల్లాలో ఎవరికైనా స్థిరమైన ఉపాధి దొరికిందంటే అది ఎస్పీ ఆఫీసులో పేర్ల బోర్డు రాసే పెయింటరుకే. ఎన్నుకున్న షెరీఫుకు తాత్కాలిక ముందస్తు బెయిలు, ఎన్నుకోని ఎస్పీకి సస్పెన్షన్. కౌంటింగు దాకా 144 సెక్షన్, మూసిన దుకాణాలు, సీసాలో పెట్రోలు పొయ్యొద్దని బంకులకు ఆదేశాలు. స్ప్రేయరుకు లీటరు పెట్రోలు కావాలన్న రైతు కూడా ఆ వారాల్లో అనుమానితుడే.

ఇంత జరిగాక మైకు పట్టుకున్నవాడు పల్నాటి పౌరుషం అంటాడు. బాలచంద్రుడు, నాగులేరు, కారెంపూడి. వీరుల గుడి ముందు నిలబడి మీసం తిప్పుతాడు. ఆ కథ చివరిదాకా విన్నవాళ్లకు తెలిసిందేమిటంటే, కారెంపూడిలో కుర్రాళ్లు చచ్చారు, బ్రహ్మనాయుడు గుత్తికొండ బిలంలోకి వెళ్లిపోయాడు. ఈ ఒక్క విషయంలో మన నాయకులు సంప్రదాయాన్ని చెక్కుచెదరనివ్వలేదు. బిలం బదులు హైదరాబాద్ ఉంది, అంతే. అదే బ్రహ్మనాయుడు అన్ని కులాలవాళ్లనూ ఒక్క పంక్తిలో కూచోబెట్టి చాపకూడు పెట్టించాడని చెప్పుకునే సంగతి మాత్రం ఎన్నికల ప్రసంగాల్లో తక్కువ వినపడుతుంది. దానికి విజిల్ పడదు.

స్థానిక ఎన్నికలు మళ్లీ వస్తాయి. అభ్యర్థి మీ గుమ్మం ముందుకొచ్చి చేతులు జోడిస్తాడు, వెనక గన్‌మెన్లు. మీ భద్రత నాది అంటున్న మనిషికి అంత భద్రత ఎందుకో, అధికారం పోయిన మర్నాడు ఆయన వేసే మొదటి పిటిషన్ గన్‌మెన్ల కోసమే ఎందుకో అడగక్కర్లేదు, ఆయన నొచ్చుకుంటాడు. చిన్నవే అడగండి. మా ఎస్సైని రెండేళ్లు ఉండనిస్తావా అన్నా? మీవాడి మీద ఫిర్యాదు ఇస్తే స్టేషన్‌కి ఫోన్ చేస్తావా, చెయ్యవా? కరపత్రంలో ఈ రెండింటికీ చోటు ఉండదు, నోటితోనే చెప్పమనండి. చెప్పేటప్పుడు ఆయన మొహం కాదు, పక్కనున్న గన్‌మెన్ మొహం చూడండి. అతను పోలీసు, అతనికి జవాబు తెలుసు.