నా ఓటు మీసాల పెక్‌కే

నా మొదటి యజమాని వకీలు. పేరు అమాసా కోల్‌మన్ లీ. ఊరు అమెరికాలోని అలబామా రాష్ట్రంలో మన్రోవిల్. కోర్టు పనితోపాటు ఊరి పత్రిక నడిపాడు, కొన్నాళ్లు శాసనసభలోనూ కూర్చున్నాడు. గొలుసు తగిలించిన జేబు గడియారాన్ని కాబట్టి నేనెప్పుడూ ఆయన వెంటే. 1919లో ఒక హత్యకేసులో ఇద్దరు నల్లజాతివాళ్ల తరఫున, తండ్రీకొడుకుల తరఫున, వాదించి ఓడిపోయాడు. ఇద్దర్నీ ఉరితీశారు. ఆయన మళ్లీ క్రిమినల్ కేసు ముట్టలేదు. ఆ రోజు నువ్వు కోర్టులో ఉన్నావా అని మాత్రం అడక్కండి. జేబులో బతికేదానికి కనబడేది చీకటి, వినబడేది గుండె చప్పుడు.

ఆయన చిన్నకూతురు హార్పర్ లీ, తండ్రిని మనసులో పెట్టుకుని 1960లో ‘టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్’ నవల రాసింది. మరుసటేడే పులిట్జర్ వచ్చింది. ఆ వెంటనే సినిమావాళ్లు దిగారు. వకీలు ఆటికస్ ఫించ్ వేషం గ్రెగరీ పెక్‌ది. 1962 మొదట్లో పెక్ మా ఊరొచ్చి పెద్దాయన్ని కలిసి వెళ్లాడు. షూటింగ్ మొదలైన రోజు ఆటికస్ వేషంలో బయటికొచ్చిన పెక్‌ను చూసి హార్పర్ కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆ చిరుబొజ్జ కూడా అచ్చం మా నాన్నదే అందట. బొజ్జ కాదమ్మా, నటన అన్నాడట పెక్. ఆ ఏప్రిల్‌లో పెద్దాయన పోయాడు. సినిమా పని ముగిశాక హార్పర్ నన్ను తీసుకెళ్లి పెక్ చేతిలో పెట్టింది.

1963 ఏప్రిల్ 8 రాత్రి శాంటా మోనికాలో సోఫియా లోరెన్ ఆస్కార్ విజేత పేరు చదివినప్పుడు నేను పెక్ దగ్గరే ఉన్నాను. అంతకుముందు నాలుగుసార్లు నామినేట్ అయి ఉత్తచేతులతో వెళ్లిన మనిషి. ఈసారి పోటీలో ‘లారెన్స్ ఆఫ్ అరేబియా’ పీటర్ ఓటూల్ ఉన్నాడు. అయినా గెలిచింది పెక్కే.

ఇక్కడ నా కడుపుమంట ఒకటి చెప్పాలి. ‘మాకింగ్‌బర్డ్’ సినిమా నిండా గడియారాలే. టైటిల్స్ పడుతుంటే చిన్నపిల్లల డబ్బాలో రంగు పెన్సిళ్లూ గోళీలతోపాటు ఒక గడియారం కనిపిస్తుంది. చెట్టు తొర్రలో దొరికే వస్తువుల్లో ఇంకొకటి. నిద్రపుచ్చే సీన్లో కూతురు స్కౌట్, నీ గడియారం చూపించవూ అని అడుగుతుంది. ఆటికస్ తీసి చూపిస్తాడు. అది నేను కాదు, స్టూడియోవాళ్ల సామాను! అసలు ఆటికస్ జేబులో పెరిగినదాన్ని నేను, తెరమీద పేరు కొట్టేసింది అది.

చాలా ఏళ్లకు ఒక విమాన ప్రయాణంలో పెక్ సామాన్లోంచి నన్నెవరో కొట్టేశారు. ఆయన బాధపడుతూ కబురు చెబితే, పోనిద్దురూ గడియారమే కదా అని హార్పర్ తేల్చేసిందట. మంచిమాటే, కాస్త గుచ్చుకున్నా. అక్కణ్నుంచి ఎన్ని చేతులు మారానో చెప్పను. ఇప్పుడు ఇద్దరు అన్నదమ్ముల ఇంట్లో, టీవీ పక్కన అద్దాల బీరువాలో ఉన్నాను. నేనెవరినో వాళ్లకి తెలియదు. వాళ్లకి తెలిసిందల్లా గ్రెగరీ పెక్ సినిమాలు, వాటిమీద పోట్లాట.

అన్న ఓటు ఎప్పుడూ ‘మాకింగ్‌బర్డ్’కే. పెక్‌కు కూడా అదే ఇష్టమని, 2003లో అమెరికన్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ తెరమీది నాయకుల్లో ఆటికస్‌కే మొదటి స్థానం ఇచ్చిందని సాక్ష్యాలు తెస్తాడు. తమ్ముడు ‘గన్స్ ఆఫ్ నవరోన్’ అంటాడు. వదినగారు వచ్చి కూర్చుంటే ‘రోమన్ హాలిడే’. అందులో అబద్ధాలాడేవాళ్ల చెయ్యి కొరికేస్తుందనే రాతిముఖం నోట్లో పెక్ చెయ్యి పెట్టి, అరచేతిని కోటు చేతిలోకి దాచేసి, తెగిపోయినట్టు బయటికి లాగుతాడు. ఆడ్రీ హెప్‌బర్న్‌కు ముందుగా చెప్పలేదు, ఆ కేక నిజం కేక. నాకూ ఇష్టమే. కానీ అది ఆడ్రీ సినిమా. ఆ సంగతి అందరికంటే ముందు పెక్కే పసిగట్టి, కొత్తమ్మాయి పేరు తన పేరుతో సమానంగా వెయ్యమన్నాడు.

మీ తెలుగువాళ్లయితే ‘మెకన్నాస్ గోల్డ్’ అంటారని తెలుసు. ఇండియాలో అది విపరీతంగా ఆడింది. కృష్ణ ‘మోసగాళ్లకు మోసగాడు’ తియ్యడానికి ఊపిరిపోసిన సినిమాల్లో అదీ ఒకటి. గుర్రాలూ లోయలూ బాగుంటాయి. పెక్ చెయ్యడానికే ఏమీ లేదు.

నా మాటకొస్తే, ఆటికస్‌ను కాదనను. నాకు అన్నం పెట్టిన ఇల్లది. కానీ మంచివాడిగా పేరున్న మనిషి మంచివాడిగా నటిస్తే, ఎంత నటనో ఎంత స్వభావమో తేల్చడం కష్టం. నటుణ్ని చూడాలంటే 1950లో వచ్చిన ‘ది గన్‌ఫైటర్’ చూడాలి. దర్శకుడు హెన్రీ కింగ్. పెక్ అందులో జిమ్మీ రింగో, తుపాకీ తీయడంలో అందరికంటే చురుకు. ఆ పేరే ఆయన పీడ. ఎక్కడికెళ్లినా ఎవడో ఒక కుర్రవెధవ తేల్చుకుందాం రమ్మంటాడు. ఎన్నో ఏళ్లుగా చూడని భార్యనూ కొడుకునూ ఒక్కసారి చూద్దామని ఒక ఊరొచ్చి, సారాకొట్టులో కూర్చుంటాడు. అలా రమ్మన్న ఒక కుర్రాడు ఆయన చేతిలో చచ్చాడు కాబట్టి వాడి అన్నలు ముగ్గురు వెనకే వస్తున్నారు. ఆమె వస్తుందో రాదో తెలియదు.

అప్పుడు అసలు కథ ఎవరిదో తెలుసా? గోడ గడియారానిది! పెక్ మళ్లీ మళ్లీ దానివంక చూస్తాడు. తల తిప్పడు, కళ్లు మాత్రం అటు పోతాయి. బడి ఎగ్గొట్టిన పిల్లలు కిటికీకి ముక్కులానించి ఆయన్నే చూస్తుంటారు. ఊళ్లో పెద్దింటి ఆడవాళ్లు మార్షల్ దగ్గరకొచ్చి ఆ హంతకుణ్ని వెళ్లగొట్టమని గొడవ చేస్తూ, పక్కన కూర్చున్నవాడే రింగో అని తెలియక ఆయన్నే సలహా అడుగుతారు. పెక్ ముఖంలో నవ్వు రాదు, కోపం రాదు. ఎన్నో ఊళ్లలో ఇదే విన్న మనిషి అలసట వస్తుంది. ఇంతకంటే గొప్పగా ఆయన మరెక్కడా చెయ్యలేదని నా అభిప్రాయం.

సినిమా సరిగ్గా ఆడలేదు. ఆ కాలపు మనిషిలా కనబడాలని పెక్ పెట్టుకున్న గుబురు మీసమే కొంప ముంచిందని స్టూడియో పెద్దలు తిట్టుకున్నారు. అందాల హీరో పెదవి కనబడకపోతే జనం టికెట్టు కొనరట! రెండేళ్లకు విడుదలైన ‘హై నూన్’ అవకాశం పెక్‌కూ వస్తే, ‘గన్‌ఫైటర్’ లాగే ఉందని వదులుకున్నాడు. అది చేసిన గ్యారీ కూపర్‌కు ఆస్కార్ వచ్చింది. గడియారం వంక చూస్తూ కూర్చునే హీరో ముందు మా పెక్కే, పేరు కూపర్‌ది.

అన్నదమ్ముల ఇంట్లో నాకు ఓటు లేదు కాబట్టి మీకు చెబుతున్నాను. పెక్ సినిమా ఒక్కటే చూసే తీరిక ఉంటే ‘ది గన్‌ఫైటర్’ చూడండి. గంటన్నర కూడా పట్టదు.