ఫార్మాట్ కొడితే పోలా!

మన దగ్గర కంప్యూటర్ వైద్యం చాలా ముందుకెళ్ళింది. రోగిని చూడకుండానే మందు చెప్పేస్తారు. "రెండో సిస్టంలో నెట్ రావట్లేదండీ" అని ఫోన్లో మొదలుపెట్టారో లేదో, అవతలినుంచి తీర్పు వచ్చేస్తుంది: "వైరస్సండీ. సీపీయూ తెచ్చెయ్యండి, ఫార్మాట్ కొట్టేద్దాం." ప్రింటర్ మూలిగినా ఇదే మందు. కీబోర్డు మీద టీ ఒలికినా ఇదే.

పాత ఇళ్ళల్లో ఇంకా కనబడే ఏర్పాటు ఒకటుంది. హాల్లో ఒక విండోస్ ఎక్స్‌పీ డబ్బా, లోపలి గదిలో దాని ఈడుదే ఇంకొకటి. మోడెం హాల్లోదానికి తగిలించి, దాని రెండో ల్యాన్ కార్డు నుంచి లోపలిదానికి తీగ లాగి నెట్ పంచుతారు. విండోస్ 98 రెండో ఎడిషన్‌తో 1999లో మైక్రోసాఫ్ట్ ఇచ్చిన సదుపాయమే ఇది. హాల్లో డబ్బా 192.168.0.1 అనే నంబరు పెట్టుకుని కూర్చుంటుంది, లోపలిదానికి ఆ వరసలోనే ఇంకో నంబరు ఇస్తుంది. హాల్లోది నడుస్తుంటేనే లోపల నెట్. కరెంటు బిల్లుకి జడిసి నాన్నగారు రాత్రి హాల్లోది కట్టేసి పడుకుంటారు, లోపల అబ్బాయికి నెట్ పోతుంది. పొద్దున్నే నిర్ధారణ: వైరస్.

చిత్రమేమిటంటే, ఆ లోపలి డబ్బా మూగది కాదు. ఐపీకాన్ఫిగ్ అనే కమాండు కొట్టి చూడండి. 169.254తో మొదలయ్యే నంబరు కనబడిందా? "నాకు నంబరిచ్చే దిక్కు కనబడలేదు, నేనే ఒకటి పెట్టుకున్నాను" అని అది మొత్తుకుంటోందన్నమాట. చాలాసార్లు తప్పు తీగలోనో, అవతలి డబ్బాలోనో, మధ్యలో అడ్డం పడ్డ ఫైర్‌వాల్‌లోనో ఉంటుంది. హార్డ్ డిస్కులో ఉన్న అక్క పెళ్ళి ఫొటోల్లో మాత్రం ఉండదు. తుడిచిపెట్టేది వాటినే. ఎలుకల బాధకి ఇల్లు తగలబెట్టుకున్నవాడైనా నయం, వాడికి ఎలుకలన్నా పోయుంటాయి.

తీగ సంగతి చూడండి. పాత ల్యాన్ కార్డులు రెండింటిని నేరుగా కలపాలంటే మామూలు తీగ చాలదు, క్రాస్ కేబుల్ కావాలి. ఒక కొసన 1, 2 పిన్నులకు వెళ్ళే తీగలు రెండో కొసన 3, 6కి వెళ్ళాలి. అలా లేకపోతే వెనక ఉన్న చిన్న లైటు వెలగనే వెలగదు. ఆ లైటు చూడ్డానికి టేబుల్ కిందికి వంగాలి. వంగడం మన వైద్యుల సిలబస్‌లో లేదు.

ఇంకో ముచ్చట. కొన్ని మోడెంలు కూడా 192.168.0.1 నంబరే పెట్టుకునుంటాయి. ఎక్స్‌పీ డబ్బాకీ అదే కావాలి. ఒకే డోర్ నంబరు మీద ఇద్దరు ఓనర్లు. మోడెం నంబరు మారిస్తే అయిదు నిమిషాల పని. ఫార్మాట్ కొట్టి, మళ్ళీ ఎక్స్‌పీ వేసి, మళ్ళీ షేరింగ్ పెడితే అది మళ్ళీ పట్టుబట్టి 192.168.0.1నే అడుగుతుంది. దానికి లేని మతిమరుపు ఎవరు తెప్పిస్తారు?

నెట్ వస్తూనే సైట్లు తెరుచుకోని జబ్బు వేరే. మదర్‌బోర్డు మీది బిళ్ళ బ్యాటరీ అయిపోతే, ప్లగ్గు తీసి పెట్టినప్పుడల్లా తేదీ ఏ 2002కో వెళ్ళిపోతుంది. ఇవాళ్టి సైట్ల సర్టిఫికెట్లు దాని లెక్కలో ఇంకా పుట్టనే లేదు, అందుకని నమ్మనంటుంది. తేదీ సరిచేసినా ఎక్స్‌పీలోని పాత ఎక్స్‌ప్లోరర్‌కి ఇప్పటి భద్రతా పద్ధతులు తెలియవు. 2014 ఏప్రిల్ 8తో మైక్రోసాఫ్టే ఎక్స్‌పీకి నీళ్ళు వదిలేసింది. ఎన్నిసార్లు ఫార్మాట్ కొట్టి అదే ఎక్స్‌పీ వేసినా అది అదే వయసుతో లేస్తుంది.

ఫార్మాట్ అనవసరమని నేననను. నిజంగా వైరస్ పట్టి వదలకపోతే అదే దారి. కానీ దానికి ఒక రేటుంది. తీగ ఊడిందేమో చూసినందుకు రేటు లేదు. చూసి బాగుచేసినవాడికి "ఇంతేనా?" అని మనం టీ ఇచ్చి పంపిస్తాం. డబ్బాని షాపులో పెట్టుకుని ఎల్లుండి రమ్మన్నవాడికి అడిగినంత ఇస్తాం.

ఇక ఫార్మాట్ తర్వాతి కథ. ఎక్స్‌పీ సీడీ అచ్చయిన తర్వాత వచ్చిన ల్యాన్ కార్డయితే సీడీలో దాని డ్రైవర్ ఉండదు. డ్రైవర్ దింపుకోవాలంటే నెట్ కావాలి, నెట్ రావాలంటే డ్రైవర్ కావాలి. చివరికి షాపువాడి పెన్‌డ్రైవ్‌లో డ్రైవర్ వస్తుంది. దాంతోపాటు, మొదట్లో లేని వైరస్ కూడా.

అయినా చాలా ఇళ్ళల్లో ఫార్మాట్ తర్వాత నెట్ వచ్చేస్తుంది. ఎందుకు రాదు? డబ్బాని షాపుకి మోసుకెళ్ళడానికి తీగలన్నీ పీకుతారు, తెచ్చాక అన్నీ మళ్ళీ గట్టిగా గుచ్చుతారు.