ఆర్చి నిలిచిన పిమ్మట: టీకా తాత్పర్య సహితం

మూలం (తేటగీతి)

కోసి యమ్మెడు వానికి కొలత ముద్దు
వాడుకేమని యడిగెడు వాడు లేడు
ఆర్చి నిలిచిన పిమ్మట నదియె టౌను
షిప్పు, చేనను మాటయే చెరిగిపోయె

అవతారిక: ఈ పద్యం హైదరాబాద్ చుట్టుపక్కల ఒక వెంచర్ బోర్డు వెనక బొగ్గుతో రాసి ఉండగా దొరికింది. కర్త ఎవరో తెలియదు. భూమి అమ్ముకున్న రైతని కొందరు, కమీషన్ అందని మధ్యవర్తి అని కొందరు. యతులు కొలత ప్రకారం పడ్డాయి కనుక రోడ్డు వేసిన కాంట్రాక్టరు మాత్రం కాడని మా నిర్ణయం.

ప్రతిపదార్థం: కోసి = పొలమును ముక్కలు చేసి; అమ్మెడు వానికి = వెంచరు వేసినవానికి; కొలత = గజముల లెక్క; ముద్దు = ప్రియము; వాడుక + ఏమి + అని = ఈ నేల దేనికి తగునని; అడిగెడు వాడు = ప్రశ్నించు అధికారి; లేడు = మీటింగులో ఉన్నాడు; ఆర్చి = సిమెంటు తోరణము; నిలిచిన పిమ్మట = రోడ్డుకంటె ముందే లేచిన తరువాత; అదియె = నిన్నటి ఆ కంది చేనే; టౌనుషిప్పు = పట్టణము వంటిది; చేను + అను మాటయే = పంట పండునన్న పేరే; చెరిగిపోయె = తుడిచిపెట్టుకుపోయెను.

విశేషాలు: "కొట్టి యమ్మెడు" అని పాఠాంతరం. ప్లాట్లు కొట్టడమన్నదే జనం మాట, యతి కూడా చెడదు. అయినా "కోసి" అన్నదే కవి పాఠమని మా పక్షం. ఆ చేనికి అదే ఆఖరి కోత.

"కొలత" అనగా లేఅవుట్ శాస్త్రం. ఎకరానికి 40 గుంటలు, గుంటకు 121 గజాలు. ఆంధ్రకు పోతే సెంట్లు. అంకణమైతే నెల్లూరులో 72 చదరపు అడుగులు, తిరుపతిలో 36. ఊరు తెలియకుండా బేరం ఆడరాదు. రోడ్డు వెడల్పెంత, పార్కు కోసం 10 శాతం స్థలం పంచాయతీకి రాసిచ్చారా, పనులు పూర్తయ్యేదాకా 15 శాతం ప్లాట్లు తనఖా పెట్టారా అన్నది ఈ శాస్త్రం చూసుకుంటుంది. కత్తి ఎలా పట్టాలో క్షుణ్ణంగా చెబుతుంది. కొయ్యాలా వద్దా అన్నది దాని విషయం కాదు.

"వాడుక" అనగా జోనింగ్. మాస్టర్ ప్లాన్ పటంలో రంగులు పూసి, ఇక్కడ ఇళ్లు, అక్కడ ఫ్యాక్టరీలు, ఆ పక్క వ్యవసాయమే అని శాసించడం. దీని ప్రసిద్ధ వ్యాజ్యం అమెరికాలో, ఒహాయో రాష్ట్రపు యూక్లిడ్ అనే గ్రామంలో పుట్టింది. 1926లో అమెరికా సుప్రీంకోర్టు గ్రామం పక్షాన తీర్పు చెప్పింది. ఆ ఊరికి రేఖాగణిత కర్త పేరు పెట్టింది భూమిని కొలిచి ముక్కలు చేయడానికి వెళ్లిన సర్వేయర్లే. అంటే ఆ ఊరి పేరుతోనే చెలామణి అయ్యే వాడుక శాస్త్రానికి కొలతగాళ్లే నామకరణం చేశారు! మన దగ్గర దీనికి ఉదాహరణ 1996 నాటి 111 జీవో. హైదరాబాద్ జంట జలాశయాల రక్షణ కోసం 10 కిలోమీటర్ల పరిధిలో 84 గ్రామాలపై పెట్టిన కట్టడి. 2022లో 69 జీవో ఆ కట్టడిని సడలించింది.

పూర్వపక్షం: కొలత గట్టిగా ఉంటే వాడుక దానంతటదే దారికి రాదా?

సమాధానం: రాదు. పదెకరాల చేను ఒక రైతు చేతిలో ఉన్నంతకాలం అది ఈ ఏడు పత్తి, వచ్చే ఏడు మిరప, ఆపై బీడు, ఏదైనా కావచ్చు. రోడ్లు, పార్కు పోగా 200 గజాల చొప్పున కోస్తే వందమందికి పైగా యజమానులు పుడతారు. ఒకరు బెంగళూరులో, ఒకరు డల్లాస్‌లో. నాగలి తిరిగి రావాలంటే అందరి సంతకాలూ కావాలి. కోత పూర్తయ్యేసరికి వాడుక కూడా నిర్ణయమైపోయింది. పటంలో రంగు తర్వాత ఎప్పుడో మారుతుంది. ఇక "ఫార్మ్ ప్లాట్" అని ఒక ఘనమైన సమాసం ఉంది. పేరులో వ్యవసాయం ఉంది కనుక వాడుక శాస్త్రం నోరెత్తదు. ఇది లేఅవుట్ కాదు, గుంటల లెక్కన అమ్మే పొలమంటారు కనుక కొలత శాస్త్రమూ పట్టించుకోదు. రెండు శాస్త్రాల మధ్య గట్టు మీద మామిడి మొక్క నాటి, గేటు పెడతారు.

శ్లేష: పద్యంలో లేకపోయినా చెప్పక తప్పనిది "నాలా". 1963 నాటి వ్యవసాయేతర భూమి పన్ను చట్టానికి ఇంగ్లిషు పొడి అక్షరాల పేరు ఇది. 2006లో కొత్త చట్టం వచ్చినా పాత పేరు వదల్లేదు. పొలాన్ని నాలా చేయించాం అంటారు. అసలు నాలా, అంటే వాన నీళ్లు పోయేది, ఆరో నంబరు ప్లాటు కింద ఉంటుంది.

ధ్వని: నియమం తప్పినవారికి క్రమబద్ధీకరణ ఉందని వ్యంగ్యార్థం. ఇది ఒక్కసారే ఇచ్చే అవకాశమని 2007లో అన్నారు, 2015లో అన్నారు, 2020లో అన్నారు. చివరిసారి తెలంగాణలో 25 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. 2025లో వాటికి 25 శాతం రాయితీ. వ్యాకరణంలో "ఒక్కసారి" నిత్యైకవచనం. ఈ శాఖలో మాత్రం బహువచనం.

"టౌను / షిప్పు": పదాన్ని పాదాంతంలో రెండుగా కోయడం దోషమని కొందరు పండితులు. కాదు, కవి తన పదానికే సబ్‌డివిజన్ చేసి చూపాడు. మొదటి ముక్కకు మూడో పాదం, రెండో ముక్కకు నాలుగో పాదం, మధ్యలో రోడ్డు.

"చెరిగిపోయె": ఇక్కడ కవితో మాకు పేచీ ఉంది. బోర్డు మీద చెరిగింది నిజమే. కానీ నాలా జరగని వెంచర్లు రెవెన్యూ రికార్డులో సాగు భూమిగానే మిగిలాయి. రైతుకు పెట్టుబడి సాయంగా ఇచ్చిన రైతుబంధు సొమ్ము రియల్ ఎస్టేట్ భూములకూ పడిందని తర్వాత ప్రభుత్వమే చెప్పింది. కాబట్టి "చేనను మాట" పూర్తిగా చెరగలేదు. బ్యాంకులో డబ్బు పడిన పూట ఆ తోరణం కింద నుంచే, మాది చేనేనండీ అని వినిపించేది.