ఫ్రిజ్‌లో అహింస

2025లో దసరా వెళ్లి వెళ్లి అక్టోబరు 2న పడింది. తెలంగాణలో దసరా అంటే జమ్మి ఆకు, పాలపిట్ట, ఆ తర్వాత యాట, సుక్క. గాంధీ జయంతి అంటే కబేళాలకు తాళం, మటన్ కొట్లకు షట్టరు, వైన్‌షాపులకు సెలవు. రెండూ ఒకేరోజు వస్తే పండగ ఏంగాను అని బెంగపడినవాళ్లకు మన జనం తెలివితేటల మీద నమ్మకం లేదన్నమాట. ఒకటో తారీఖు రాత్రికల్లా ఫ్రిజ్‌లు నిండిపోయాయి. మర్నాడు పొద్దున విగ్రహాలకు నూలు దండలు, మధ్యాహ్నం వంటింట్లో కుక్కరు కూతలు. కోయొద్దన్న రోజున కోయలేదు, వండొద్దని ఎవరూ అనలేదు. బాపూ అహింసకు భంగం కలగలేదు, ఇంటికొచ్చిన అల్లుడి మర్యాదకూ లోటు రాలేదు. మేక ముహూర్తం ఒకరోజు ముందుకు జరిగింది, అంతే.

మన దగ్గర జీవకారుణ్యాన్ని నడిపేది పంచాంగం. సోమవారం శివుడిది, మంగళవారం ఆంజనేయుడిది, గురువారం సాయిబాబాది, శనివారం వెంకన్నది. మిగిలిన మూడు రోజులూ కోడిది. అది కూడా శ్రావణం, కార్తీకం కానప్పుడు. కార్తీకంలో మనం ముక్క మానేస్తే కోడి నాలుగు రోజులు ఎక్కువ బతుకుతుందనుకోకండి. బ్రాయిలర్ కోడి ఆరు వారాలకల్లా అమ్మకానికొస్తుంది. ఆపైన ఉంచితే మేత దండగని రైతు వచ్చిన రేటుకు వదిలించుకుంటాడు. ధర పడుతుంది, ఆ నెలలో నియమం లేనివాడు కిలో కొనేచోట కిలోన్నర కొంటాడు. మనం మూటగట్టుకున్న పుణ్యం ఇలా పక్కింటివాడికి డిస్కౌంటుగా ముడుతుందన్నమాట. ఇంతకన్నా పరోపకారం ఏముంటుంది!

ఈ నియమాల హడావుడి చూసి మనది కూరగాయల దేశమని పొరబడేవాళ్ల కోసం ఒక అంకె. కేంద్ర ప్రభుత్వ రిజిస్ట్రార్ జనరల్ 2014లో చేయించిన సర్వే ప్రకారం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పదిహేనేళ్లు, అంతకు పైబడినవాళ్లలో నూటికి తొంభై ఎనిమిది మందికి పైగా మాంసాహారులే.

మిగిలిన ఇద్దరి సంగతీ చూద్దాం. పాల ప్యాకెట్ మీద ఆకుపచ్చ చుక్క ఉంటుంది. జంతువు నుంచి వచ్చింది ఏదైనా మాంసాహారమేనని ఆహార భద్రతా నిబంధన గంభీరంగా మొదలుపెట్టి, వెంటనే పాలూ తేనే పక్కకు తీసి పెట్టేసింది. పాయసం లేని దేశాన్ని ఏ ప్రభుత్వం మాత్రం ఏలగలదు? అయితే గేదె పాలివ్వాలంటే ఈనాలి, ఈనితే పెయ్యదూడే పుట్టాలని రూలేం లేదు. దున్నదూడ పుడితే పాలివ్వదు, ట్రాక్టరు వచ్చాక దుక్కికీ అక్కర్లేదు. మరి అవన్నీ ఎక్కడికి పోతున్నాయని కాఫీ తాగుతూ అడగడం మర్యాద కాదు. గేదె మాంసం ఎగుమతిలో మనది ప్రపంచంలోనే ముందు వరసలో ఉన్న దేశమని మాత్రం గుర్తుంచుకుంటే చాలు. గుడ్డు తినేవాళ్లు ఇది చదివి మురవక్కర్లేదు. లేయర్ కోళ్ల హేచరీల్లో పొదిగిన పిల్లల్లో సగం మగవి. గుడ్డు పెట్టవు, మాంసానికి గిట్టుబాటు కావు. వాటికి పుట్టినరోజూ, చావురోజూ సాధారణంగా ఒకటే.

ఇంతకీ ఎవరి పేరు మీద షట్టర్లు దించుతున్నామో ఆయన గొడవ వేరు. కలకత్తాలో పాలు ఎక్కువ పిండుకోవడానికి ఆవులను పెట్టే హింస గురించి తెలిసి, 1912లో దక్షిణాఫ్రికాలో ఉండగా పాలు మానేశారు. 1918లో విరేచనాలు పట్టుకుని చావు అంచుదాకా వెళ్లారు. డాక్టరు పాలు తాగితే గానీ లాభం లేదన్నాడు. ఈయన ఒట్టంటే ఒట్టే అన్నారు. అప్పుడు కస్తూర్బా, ఒట్టు ఆవు పాలకూ గేదె పాలకూ గదా, మేకపాలకేం అడ్డమంది. తాగారు, బతికారు. మనమైతే ఆ లా పాయింటుకు చప్పట్లు కొట్టి, మేకపాల వ్రతమని ఒకటి మొదలుపెట్టి, ఉద్యాపన కూడా చేసేవాళ్లం. ఆయన మాత్రం ఒట్టులో అక్షరం మిగిలింది, ప్రాణం పోయిందని ఆత్మకథలో నొచ్చుకున్నారు. తన గ్లాసును తానే బోనెక్కించిన మనిషి. మనకు పక్కవాడి కంచం దాటి చూపు రాదు.

అదే గాంధీ 1942లో ఆగాఖాన్ భవనంలో నిర్బంధంలో ఉండి ఆరోగ్యం మీద ఒక చిన్న పుస్తకం రాశారు. పుంజుతో కలవని పెట్ట పెట్టిన గుడ్డు పిల్ల కాదు కాబట్టి పాలు తాగేవాడికి అది తినడానికి అభ్యంతరం ఉండనక్కర్లేదని అందులో తేల్చారు. ఈ సంగతి కర్ణాటక స్వాముల చెవిన ఎవరూ వేసినట్టు లేదు. 2021లో అక్కడ బడిపిల్లలకు గుడ్డు పెడతామంటే మఠాలు ఉద్యమానికి దిగాయి. రోజంతా ఎండలో ఆడి, చారునీళ్లలో అన్నం కలుపుకుని తినే పిల్ల ఒక్క గుడ్డు తింటే ధర్మం కూలిపోతుందట. నేతిలో మునిగిన ధర్మం అంత తేలిగ్గా ఎలా కూలుతుందో నాకైతే అర్థం కాదు.

పట్టుబట్ట మడి అన్న సంగతి ఇక్కడ ఎత్తడం బాగోదు గానీ, వేల పట్టుకాయలను లోపలి పురుగుతో సహా ఉడకబెడితే గానీ ఒక పెళ్లిచీర కాదు. పురుగును చంపకుండా పట్టు తీసే పద్ధతికి మన తెలుగాయన కుసుమ రాజయ్య పేటెంటు కూడా తెచ్చుకున్నారు. పెళ్లిచీరల కొట్లో ఆ చీర చూపించమని అడిగి చూడండి, సేల్స్‌మన్ మీకేసి ఎలా చూస్తాడో.

ముక్క తినేవాళ్లం మనం ఏమైనా తక్కువ తిన్నామా? కోడిని కోసేటప్పుడు అటు తిరిగి ఫోన్ చూసుకుంటాం, ఇటు తిరిగాక లెగ్‌పీసులు తగ్గాయని కొట్టువాడితో తగువు పెట్టుకుంటాం. ప్రాణం తీసిన పాపం వాడిది, మసాలా మనది.

ఇవన్నీ సరే, అసలు పరీక్ష హైదరాబాద్‌లో అద్దె ఇల్లు వెతికేటప్పుడు. ‘మీరేమోళ్లు’ అని సూటిగా అడిగితే ఈ రోజుల్లో బాగోదు. అందుకని కులాన్ని వంటింట్లోంచి కనుక్కుంటారు.

“నాన్‌వెజ్ తింటారా బాబూ?”

“అప్పుడప్పుడు అంకుల్.”

“అయితే కష్టం. మాకు వెజిటేరియన్లే కావాలి.”

ఆయన వెనకాల గేటు దగ్గర డెలివరీ కుర్రాడు బిర్యానీ పార్సిల్ పట్టుకుని నిలబడి ఉన్నాడు.

“మరి మీరు తింటారా అంకుల్?”

“ఎప్పుడో, ఆదివారం ఆదివారం.”

“మరి మమ్మల్ని...”

“మేం పైపోర్షన్‌లో ఉంటాం గదా బాబూ. మా వాసన కిందికి రాదు. మీదే పైకొస్తుంది.”